బటన్ నొక్కకముందే జవాబు

శశిధర్‌కు మనుషులను చూడగానే తెలిసిపోయేది. కనీసం అతను అలా అనుకునేవాడు. ఒక మనిషి గుమ్మం దాటి వచ్చి కుర్చీలో కూర్చునేలోపే వాడి చదువెంత, బుర్రెంత, వాడు ఎందాకా పోతాడు అన్నది మనసులో రాసేసుకునేవాడు. రాసింది మళ్లీ దిద్దే అలవాటు లేదు. దిద్దాలంటే మళ్లీ చూడాలి. అంత తీరిక అంత పెద్దమనిషికి ఎక్కడిది?

అతనిది చివ్వెంల దగ్గర పల్లెటూరు. ఆ సంగతి అతను చెప్పడు. బెంగుళూరులో కొన్నేళ్లు పనిచేసి వచ్చాడు, ఆ సంగతి మాత్రం అడగనివాళ్లకు కూడా చెప్తాడు. సూర్యాపేటలో టైల్స్ షాపు పైన ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి అతను టెక్నికల్ హెడ్. కంపెనీ మొత్తం కలిపితే ఒక ఆటో నిండదు. అయినా ఆఫీసులోకి అడుగుపెట్టేటప్పుడు ఏదో విమానాశ్రయంలోకి వస్తున్నట్టు మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని వచ్చేవాడు.

వాళ్లు చేసే పనంతా రైస్ మిల్లులకే. మిల్లులో బియ్యం ఒక యంత్రం గుండా జారిపోతుంటే కెమెరాలు ఒక్కో గింజ రంగు చూస్తాయి. నల్ల గింజో, మచ్చ గింజో కనబడితే యంత్రం గాలి ఊది దాన్ని పక్క గొట్టంలోకి తోసేస్తుంది. దాన్ని సార్టర్ అంటారు. యంత్రం ఎక్కడినుంచో వస్తుంది, దాని బుర్రను సూర్యాపేటలో వీళ్లు తయారుచేస్తారు. మిర్యాలగూడ చుట్టుపక్కల ఎటు చూసినా మిల్లులే గనుక పనికి కరువు లేదు.

కంపెనీ ఓనరు సత్యనారాయణ. తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు. కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆయనకు రాదు, పనొచ్చినవాళ్లను కూర్చోబెట్టడం వచ్చు. ఉగాది వెళ్లిన కొన్నాళ్లకు ఆయన శశిధర్‌ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికేశాడు.

"మిర్యాలగూడల మా అక్క సుందరమ్మ మిల్లుకు కొత్త సార్టర్ వస్తున్నది. గాడ ట్రయల్ సక్కగ నడిస్తె మిగిలిన మిల్లులోళ్లు గూడ మన దగ్గరికే వస్తరు. అక్క మాటంటె గాడ అందరికి గురి. ట్రయల్ నడిచిన్నాడే నిన్ను కంపెనీల పార్ట్‌నర్‌ను చేస్త. ఇగ నౌకరి చేసింది చాలు తియ్."

పార్ట్‌నర్ అన్న మాట చెవిన పడ్డాక శశిధర్ నేల మీద నడవలేదు. ఆ సాయంత్రమే భార్య పార్వతికి చెప్పాడు. ఆమె నిడమనూరులో ఉన్న పుట్టింటివాళ్లకు చెప్పింది. మర్నాటికల్లా మామగారు 'మా అల్లుడు కంపెనీ ఓనరట' అని ఊళ్లో చెప్పుకుంటున్నట్టు తెలిసింది. శశిధర్ దాన్ని ఖండించలేదు. ఇంకా జరగని పని జరిగిపోయినట్టు నలుగురూ అనుకుంటుంటే అతనికి చాలా హాయిగా ఉండేది.

ఆ పార్ట్‌నర్‌గిరీకి ముందు ఒక్క పని మిగిలింది. అది బిల్డ్ స్క్రిప్ట్ బాగుచేయడం. ప్రోగ్రాము ఒక్కటే అయినా ప్రతి మిల్లుకూ కొంత తేడాగా సాఫ్ట్‌వేర్ తయారవ్వాలి. ఒకరికి కెమెరాలు ఎక్కువ, ఒకరికి తక్కువ. ఒకప్పుడు పచ్చి బియ్యం, ఇంకొకప్పుడు వడ్లు ఉడకబెట్టి ఆడించిన బాయిల్డ్ బియ్యం. ఎవరికి ఎలా తయారుచేయాలో కంప్యూటర్‌కు వివరించి చెప్పేదే ఆ స్క్రిప్ట్. దాన్ని మొదటినుంచీ రాస్తూ వచ్చింది నిఖిత.

నిఖిత కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చి పోయే అమ్మాయి. ఇంటర్వ్యూ రోజు ఆమె ఇంగ్లీషులో ఒక వాక్యం మొదలుపెట్టి, మధ్యలో తడబడి, మిగతాది తెలుగులో పూర్తిచేసింది. అంతే, శశిధర్ రాసేసుకున్నాడు. టైపింగ్ లాంటి పనికి పర్వాలేదు, బుర్ర పెట్టే పనికి కాదు. ఆ తర్వాత ఆమె ఎన్ని మిల్లుల సార్టర్లను నడిపించినా, ఎన్నిసార్లు అర్జంటు పని అందుకున్నా, అతను మొదటిరోజు రాసుకున్న వాక్యం అలాగే ఉండిపోయింది.

ఒకరోజు అతను నిఖిత స్క్రిప్టును గోడ మీది పెద్ద తెర మీద పెట్టి అందరి ముందూ చదివించాడు. పక్క బల్ల దగ్గర పనిచేసే రమ్య కూడా కుర్చీ ఇటు తిప్పుకుంది.

"ఇదేంటి నిఖితా? అవే లైన్లు, మిల్లు పేరు మార్చి ఒకదాని కింద ఒకటి అతికించుకుంటూ పోయావు. ఫంక్షన్ అనే మాట మీ కాలేజీలో ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు సార్. ఆర్డర్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ రేపటికే కావాలన్నారు. అందుకని అతికించుకుంటూ పోయాను. ఇప్పుడు ఫంక్షన్‌గా మారిస్తే మంచిదే, మీరన్నది కరెక్టే."

ఆమె అంత సులువుగా ఒప్పేసుకోవడం శశిధర్‌కు నచ్చలేదు. ఎదుటివాళ్లు నీళ్లు నమిలితేనే తిట్లకు రుచి. అయినా ఆ పూట కూర్చుని ఫంక్షన్ తనే రాశాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, బాగా రాశాడు. మిల్లు పేరు, కెమెరాల సంగతి చెప్తే చాలు, మిగతా పనంతా ఆ ఫంక్షనే చూసుకుంటుంది. చాంతాడంత స్క్రిప్టు కాస్తా ఒక్క తెరలో ఇమిడిపోయింది. పని రాదని అతన్ని ఎవరూ అనలేదు. తనకు తప్ప ఇంకెవరికీ రాదనుకోవడమే అతని జబ్బు.

అలా సర్దుకుంటూ వస్తుండగా అతనికి నిఖిత రాసిన ఒక వింత రాత తగిలింది. డాలర్ గుర్తు, దాన్ని అంటుకుని ఒక కోణపు బ్రాకెట్, లోపల మళ్లీ ఇంకో డాలర్, కోలన్, కామా, చివర బ్రాకెట్లు. ప్రతి మిల్లు కిందా అదే ఉంది.

"ఈ ముగ్గేంటి?" అన్నాడు.

"అది వాయిదా ఎక్స్‌ప్రెషన్ సార్. స్క్రిప్టును కంప్యూటరు ముందు ఒకసారి మొత్తం చదివేసుకుని ప్లాను గీసుకుంటుంది. చదివేటప్పటికి మనం ఇంకా ఏ బటనూ నొక్కి ఉండం. ఆ తర్వాత పచ్చి బియ్యం బటనో, బాయిల్డ్ బటనో నొక్కితే, ఆ ప్లాను ప్రకారం తయారుచేస్తుంది. ఏ బియ్యం అన్నది బటన్ నొక్కినప్పుడే తెలుస్తుంది కదండి. అందుకని ఆ ప్రశ్నను అప్పటిదాకా వాయిదా వేయాలి."

"మామూలుగా 'బాయిల్డ్ అయితే ఇది, లేకపోతే అది' అని రాస్తే ఏమవుతుంది?"

"చదివేటప్పుడే అడిగేస్తుంది సార్. అప్పటికి జవాబు ఉండదు. లేకపోతే అన్నదాంట్లో పడిపోయి, ఇక అక్కడే ఉండిపోతుంది."

ఆమె చెప్పింది చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేంత తేటగా ఉంది. అక్కడే వచ్చింది చిక్కు. అంత తేటగా చెప్పడం అంటే తనకు తెలియదని ఆమె అనుకుంటోందన్నమాట. శశిధర్ ముఖం బిగుసుకుంది.

"వాయిదాలు వేసేది కోర్టుల్లో. ప్రోగ్రామర్ అన్నవాడు అక్కడికక్కడే తేల్చేయాలి. నీకు తేల్చడం చేతకాక ఈ డాలర్లన్నీ పరిచావు" అన్నాడు.

రమ్య నవ్వింది. జీతాలు పెంచే నెల అది, నవ్వక ఏం చేస్తుంది? శశిధర్ ఆ డాలర్లన్నీ చెరిపేసి, తన ఫంక్షన్‌లో ఒకే ఒక్క 'అయితే', ఒకే ఒక్క 'లేకపోతే' పెట్టాడు. బాయిల్డ్ అయితే ఈ రంగులు, లేకపోతే పచ్చి బియ్యం రంగులు. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. తన రాతను తనే కాసేపు చూసుకున్నాడు.

పరీక్ష కూడా చేశాడు. ఆఫీసు మూలన చిన్న డెమో యంత్రం ఒకటి ఉంది. రమ్య ఇంటినుంచి తెచ్చిన సన్న బియ్యంలో కొన్ని నల్ల గింజలు కలిపి పోశారు. నల్లవన్నీ పక్కకు ఎగిరిపడ్డాయి, తెల్లవన్నీ కిందికి జారాయి. శశిధర్ చేతులు దులుపుకున్నాడు.

"బాయిల్డ్ బియ్యంతో కూడా ఒకసారి చూద్దాం సార్" అంది నిఖిత.

"ఒక బటన్ పనిచేస్తే రెండోదీ పనిచేస్తుంది. అయినా బాయిల్డ్ బియ్యం ఎవరింట్లో ఉన్నాయి?"

అది మాత్రం నిజం. ఈ జిల్లాలో లారీలకొద్దీ బాయిల్డ్ బియ్యం తయారవుతాయి, ఒక్క పూట కూడా ఎవరూ వండుకోరు. ఆడించడం, బస్తాలకెత్తడం, ఆ బియ్యం తినే రాష్ట్రాలకు పంపించేయడం, అంతే. సూర్యాపేటలో ఏ వంటింటి డబ్బా తెరిచినా ఒక్క బాయిల్డ్ గింజ దొరకదు. తాము తినని బియ్యాన్ని పరీక్షించాలన్న ఆలోచన అందుకే ఆ ఆఫీసులో నిఖితకు తప్ప ఎవరికీ రాలేదు.

"కోదాడలో మా ఇంటి దగ్గర మిల్లు ఉంది సార్, రేపు వచ్చేటప్పుడు ఒక సంచి అడిగి తెస్తాను."

"బస్సులో బియ్యం మోసుకొచ్చే ఉద్యోగం కాదు నీది" అన్నాడు శశిధర్. "ఇంకో మాట. ట్రయల్‌కు నువ్వు రానవసరం లేదు. అక్కడికి పెద్దవాళ్లు వస్తారు. ఆ రోజు సెలవు పెట్టుకో."

నిఖిత అతన్ని ఒక్క క్షణం చూసింది. బస్సులో పక్కసీటువాడు మొత్తం సీటు తనదే అన్నట్టు కాళ్లు చాపుకుంటే చూసే చూపు అది. తర్వాత సరే అని కంప్యూటర్ వైపు తిరిగింది. శశిధర్‌కు ఆ చూపు కనబడలేదు. ఆమె ముఖం వైపు చూసే అవసరం అతనికి ఎప్పుడూ పడలేదు మరి.

ట్రయల్ రోజు పొద్దున్నే ఆఫీసుకు పోయి, ల్యాప్‌టాప్‌లో స్క్రిప్టును మొదటినుంచి చదివించి, ప్లాను సిద్ధం చేసుకుని సత్యనారాయణ కారెక్కాడు. దారిపొడవునా కొత్త విజిటింగ్ కార్డు ఏ రంగులో కొట్టించాలా అని ఆలోచించాడు.

సుందరమ్మ మిల్లు ఆవరణలో ఉడికిన వడ్ల వాసన ముక్కుకు గట్టిగా తగిలింది. యాసంగి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. లారీలు కాంటా దగ్గర బారులు తీరాయి, హమాలీలు బస్తాలు మోస్తున్నారు. సార్టర్ పెట్టిన షెడ్డులో సుందరమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక మిల్లు ఆమే నడుపుతోంది. ఆమె వెనక దామరచర్ల నుంచి, ఇంకా చుట్టుపక్కల నుంచి వచ్చిన మిల్లు ఓనర్లు తెల్ల చొక్కాల్లో నిలబడ్డారు. యంత్రం ఆపరేటర్ జానయ్య తుడుపు గుడ్డ భుజాన వేసుకుని స్విచ్చుల దగ్గర ఉన్నాడు.

శశిధర్ ల్యాప్‌టాప్ తెరిచి, ముందు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అందులో ఎఫిషియెన్సీ ఉంది, ఆటోమేషన్ ఉంది, బెంగుళూరు రెండుసార్లు ఉంది. సుందరమ్మ ఆవలించింది.

"నాయినా, లారీలు ఆగినయి. షురూ చెయ్" అంది.

శశిధర్ బాయిల్డ్ బటన్ నొక్కాడు. సాఫ్ట్‌వేర్ తయారై యంత్రంలోకి ఎక్కింది. జానయ్య స్విచ్ వేశాడు. పైనుంచి బియ్యం జారడం మొదలైంది. గాలి ఊదే చప్పుడు టపటపమని మొదలై, ఒక్కసారిగా వడగళ్ల వానలా మారింది. మంచి బియ్యం రావాల్సిన గొట్టం ఎండిపోయింది. చెత్త గింజలు రాలాల్సిన పక్క గొట్టంలోంచి బంగారు రంగు బియ్యం ధారగా పోసి, పెట్టిన డబ్బా నిండి, నేల మీద కుప్ప పడింది. మంచి గొట్టంలోంచి అడపాదడపా ఒక గింజ ఊడిపడుతోంది.

"సార్, ఉల్టా వస్తున్నయ్" అన్నాడు జానయ్య.

శశిధర్ యంత్రం ఆపించాడు. కెమెరా అద్దం తుడిపించాడు. దీపాలు సరిచేయించాడు. మళ్లీ బాయిల్డ్ నొక్కాడు, మళ్లీ అదే ధార. స్క్రిప్టును మొదటినుంచి మళ్లీ చదివించి నొక్కాడు. అదే ధార. తెల్ల చొక్కాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో వెనక నుంచి, పాత మిషనే నయం అన్నారు.

నిఖిత మాట అతనికి ఆ క్షణంలో గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. చదివేటప్పుడే అడిగేస్తుంది, అప్పటికి జవాబు ఉండదు అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుకొచ్చింది. కానీ ఆమె చెప్పింది నిజమైతే ఆమెను గురించి తను రాసుకున్నది తప్పవుతుంది. అంతకంటే బియ్యం తప్పవడం తేలిక అనిపించింది.

"అమ్మా, లోపం మీ బియ్యంలో ఉన్నట్టుంది" అన్నాడు. "రంగు సరిగా లేదు. మిషన్ అబద్ధం చెప్పదు."

సుందరమ్మ కుర్చీలోంచి లేచి, నేల మీది కుప్పలోంచి గుప్పెడు బియ్యం తీసుకుని, అరచేతిలో వేసి రుద్ది, ఊదింది.

"పెండ్లయి గీ మిల్లుకొచ్చినప్పటి సంది బియ్యం సూస్తున్న. గియ్యి ఖరాబు బియ్యమన్నోడివి నువ్వే మొదలు. ఉడకబెట్టిన వడ్ల బియ్యం పసుపు తిరగక పాల లెక్క తెల్లగుంటయా? నీ మిషన్ పచ్చి బియ్యం కోసం ఎతుకుతున్నట్టున్నది."

తెల్ల చొక్కాలు నవ్వాయి. సత్యనారాయణ ఒక్కడే నవ్వలేదు.

"ఏమైంది శశిధర్?"

"స్క్రిప్టులో తప్పు సార్. ఆ కోదాడ అమ్మాయి రాసింది. నేను ఎంత చెప్పినా వినలేదు."

అబద్ధం అలా జారిపోయింది. దానికోసం అతను కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది. తప్పు చేసేది ఆమే అని ఎప్పుడో రాసిపెట్టుకున్నాడు కదా, ఆ రాతనే పైకి చదివాడు.

"అయితె గా పిల్లకే ఫోన్ చెయ్" అంది సుందరమ్మ, మళ్లీ కూర్చుంటూ. "అందరికి వినవడేటట్టు పెట్టు. మేం గూడ ఇంటం."

తప్పించుకునే దారి లేదు. శశిధర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాడు. నిఖిత ఎత్తింది. వెనకాల ఏదో బజారు సందడి వినిపిస్తోంది.

"ఏం జేసినవ్ నువ్వు గా స్క్రిప్టుల?" అన్నాడు శశిధర్. కంగారులో బెంగుళూరు జారిపోయి చివ్వెంల పైకొచ్చింది.

"బాయిల్డ్ పోశారా సార్? మంచి బియ్యం అంతా రిజెక్టు గొట్టంలోకి పోతోందా?"

ఏం జరిగిందో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. సత్యనారాయణ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నేను ఆ రోజు చెప్పింది ఇదే సార్" అంది నిఖిత. ఎవరెవరు వింటున్నారో ఆమెకు తెలియదు. "మీరు ఫంక్షన్‌లో 'లేకపోతే పచ్చి బియ్యం' అని రాశారు. అది బటన్ నొక్కకముందే చదివేసుకుంటుంది. మీరు తర్వాత ఏ బటన్ నొక్కినా పచ్చి బియ్యానికే తయారవుతుంది. మళ్లీ మళ్లీ చదివించినా అంతేనండి, చదివే ప్రతిసారీ బటన్ కంటే ముందే చదువుతుంది."

"అంటే నా మిల్లుల ఏ బియ్యమున్నయో సూడకముందే రాసి పెట్టుకున్నదా?" అంది సుందరమ్మ.



"అవునమ్మా" అంది నిఖిత. కొత్త గొంతుకు ఆమె తడబడలేదు. "అందుకే ముందు అడగకుండా, అవసరం వచ్చినప్పుడు అడగమని రాయాలి. సార్, ల్యాప్‌టాప్ దగ్గరుంటే చెప్తాను, కొట్టండి."

శశిధర్ కొట్టాడు. ఇంకేం చేస్తాడు? అంతమంది చూస్తుండగా, ముగ్గు అని తను వెక్కిరించిన రాతను ఆమె చెప్తుంటే అక్షరం వెంబడి అక్షరం కొట్టాడు. డాలర్, కోణపు బ్రాకెట్, మళ్లీ డాలర్. ఒకచోట కోలన్ బదులు కామా కొట్టాడు. ఆమె వెనక్కి పోయి మళ్లీ చదవమంది. స్కూల్లో డిక్టేషన్ రాసే పిల్లాడిలా అతను పైకి చదివాడు, ఆమె దిద్దింది.

"అంతే సార్. ఆ 'అయితే', 'లేకపోతే' తీసేయండి. ఫంక్షన్ మాత్రం అలాగే ఉంచండి, చాలా బాగా రాశారు. నేను అంత చక్కగా రాసి ఉండేదాన్ని కాదు."

అందులో వెటకారం లేదు. ఉంటే శశిధర్ తట్టుకునేవాడే. ఏ మనిషిని తను లెక్కలోకి తీసుకోలేదో ఆ మనిషి తన పనిని తూచి, బాగుంది అని చెప్పడం అతనికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

బాయిల్డ్ బటన్ నొక్కాడు. జానయ్య స్విచ్ వేశాడు. ఈసారి బంగారు రంగు బియ్యం మంచి గొట్టంలోంచి దిగింది. పక్క గొట్టంలోంచి నల్ల గింజలు టప్పు టప్పుమని ఒక్కొక్కటే రాలాయి. సుందరమ్మ రెండు గొట్టాల కిందా చెయ్యి పెట్టి చూసి, తమ్ముడి వైపు తలూపింది. తెల్ల చొక్కాలు యంత్రం చుట్టూ మూగాయి. మా మిల్లుకెప్పుడు పెడతరు అని దామరచర్ల ఆయన అప్పుడే అడుగుతున్నాడు.

సత్యనారాయణ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"బిడ్డా నిఖితా, నేను సత్యనారాయణను. గీడికి నువ్వు జర రావాలె. కోదాడకు కారు పంపుతున్న. గీ మిల్లులోళ్లు అడిగేటివాటికి నువ్వే సమాధానం చెప్పాలె."

"వస్తానండి" అంది నిఖిత.

శశిధర్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. సిగ్గున్న మనిషి అయితే ఆ సమయానికి షెడ్డు బయటికి పోయి ఏ లారీ నీడలోనో నిలబడేవాడు. ఇతను యంత్రం వైపు చూశాడు. యంత్రం నడుస్తోంది. మామగారు గుర్తుకొచ్చాడు, నిడమనూరు గుర్తుకొచ్చింది. అతను సత్యనారాయణ పక్కకు చేరి గొంతు తగ్గించాడు.

"సార్, ట్రయల్ నడిచింది కదా. మరి ఆ పార్ట్‌నర్ సంగతి..."

సత్యనారాయణకు కోపం వచ్చినట్టు లేదు. కళ్లజోడు తీసి పంచె అంచుతో బియ్యపు దుమ్ము తుడుచుకున్నాడు.

"గా లైన్ ఎవరు రాసిండ్రు శశిధర్?"

"అదే సార్, పాత కోడ్‌లో ఆ అమ్మాయి ముందే..."

"నేను ఇన్న" అన్నాడు సత్యనారాయణ. "అందరం ఇన్నం. అయినా నీ నోట ఇందామని అడిగిన."

శశిధర్ మెడలోని ఐడీ కార్డును అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వు నా దగ్గరికొచ్చిన్నాడు బెంగుళూరు అన్నవ్. టకటక ఇంగిలీషు మాట్లాడినవ్. నేను గప్పుడే రాసుకున్న, వీడు పెద్ద పనోడు, మాట మీద నిలవడెటోడు అని. మూడేండ్లాయె, మళ్ల ఒక్కసారన్న సూడలే. నీ స్క్రిప్టును అనుడెందుకు, నేను జేసింది గూడ గదే." ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఇయ్యాల సూసిన."

అని, యంత్రం దగ్గర తనను పిలుస్తున్న అక్క వైపు నడిచిపోయాడు. శశిధర్ ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, ఆ జవాబు కోసం అక్కడ ఎవరూ ఆగి లేరు. లారీ వెనక్కి వస్తోంది. బస్తా భుజాన పెట్టుకున్న హమాలీ ఒకడు, జర పక్కకు జరుగు సారూ అన్నాడు. అతను జరిగాడు.